మలుపులో చూపు కెమెరా మీదికి పోతే

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. పరిమితి 60 ఉన్న రోడ్డు. మీటరు మీద 75తో మలుపులోకి దిగారు. సగం తిరిగాక అవతలి చివర కెమెరా స్తంభం కనబడింది. కంగారులో ముందు బ్రేకు గట్టిగా పట్టేశారు. బండి ఒక్కసారిగా నిటారుగా లేచి, గీత దాటి బయటి అంచుకు పోయింది. పక్క వరుసలో ఎవరూ లేకపోబట్టి బతికి బయటపడ్డారు. ఇక మీ సందేహాలు మూడు: వంగి ఉన్న బండి వేగాన్ని కెమెరా సరిగ్గా కొలుస్తుందా, ఆ మలుపును అసలు ఎంత వేగంతో తిప్పొచ్చు, ఎదురుగా ఫొటో తీసే కెమెరాకు బైకు దొరకదని మీ స్నేహితుడు చెప్పింది నిజమా కాదా.

మూడింటికీ చెబుతాను. కానీ మీరు అడగని నాలుగోది ముందు చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు మీ ప్రాణం మీదికి తెచ్చింది అదే. ఎక్కువ వేగంతో దిగడం తప్పే. అయినా 75 దగ్గర కూడా ఆ బండి మలుపు తిరిగేదే. దాన్ని తిరగనివ్వకుండా చేసింది మీ కుడి చెయ్యి.

బండి ఎందుకు లేచిందో చూడండి. నిటారుగా పోయేటప్పుడు ముందు టైరు రోడ్డును తాకే చోటు సరిగ్గా టైరు నడుమ, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుల మధ్యగీత కిందే ఉంటుంది. బండి వంగితే ఆ తాకే చోటు టైరు పక్కకి, అంటే మలుపు లోపలి వైపుకి జరుగుతుంది. అప్పుడు బ్రేకు పడితే రోడ్డు టైరును వెనక్కి లాగేది ఆ పక్క నుంచి. దాంతో హ్యాండిల్ మలుపు లోపలికి తిరగబోతుంది. లోపలికి తిరిగితే బండి ఇంకా వంగాలి కదా అనిపిస్తుంది. జరిగేది తలకిందులుగా ఉంటుంది. చక్రం కిందినుంచి లోపలికి పోతుంది, బరువు పైన బయటికి తూలుతుంది, బండి లేచి నిలబడుతుంది, నిలబడిన బండి నేరుగా పోతుంది. మలుపులో నేరుగా పోవడమంటే బయటి అంచుకు పోవడమే. టైరు ఎంత వెడల్పయితే ఈ గుణం అంత ఎక్కువ. సన్నటి టైరు బండి నుంచి వెడల్పాటి టైరు బండికి మారినవాళ్లు మొదటి నెలలోనే దీన్ని ఏదో ఒక మలుపులో రుచి చూస్తారు.

2013 నుంచి కొన్ని పెద్ద బైకుల్లో బండి ఎంత వంగిందో కొలిచి దానికి తగ్గట్టు బ్రేకు ఒత్తిడిని పంచే ఏబీఎస్ వస్తోంది. బాష్ అనే జర్మన్ కంపెనీ తయారుచేసిన ఆ ఏర్పాటు మొదట కేటీఎం 1190 అడ్వెంచర్‌లో వచ్చింది. మామూలు ఏబీఎస్ చక్రం బిగుసుకోకుండా చూస్తుందే తప్ప, వంపులో ఉన్నామన్న సంగతి దానికి తెలియదు. మీ బండికి ఏబీఎస్ ఉందని రాశారు, ఏ రకమో పుస్తకంలో చూసుకోండి. వంపు కొలిచే రకమైతే కొంత సాయం చేస్తుంది. అంతమాత్రాన చెయ్యి మొరటుగా ఉండొచ్చని కాదు.

ఇక వేగం సంగతి. ఇక్కడ కొంచెం లెక్క తప్పదు, ఓపిక పట్టండి. బండి ఎంత వంగాలో నిర్ణయించేది రెండే: మీ వేగం, మలుపు వ్యాసార్ధం. బండి బరువు లెక్కలోకి రాదు. సీసీలు అసలే రావు. వేగాన్ని దానితోనే గుణించి, వ్యాసార్ధంతోనూ గురుత్వంతోనూ భాగిస్తే, పక్కకి ఎంత పట్టు కావాలో గురుత్వంలో ఎన్నో వంతుగా వస్తుంది, ఆ వంతును బట్టే వంపు. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న చదునైన మలుపు అనుకోండి. గంటకు 40 కిలోమీటర్లతో పోతే వంపు 14 డిగ్రీలు. 50తో 21 పైచిలుకు. 60తో దాదాపు 30. 70తో 38కి దగ్గర. 75తో 41 పైచిలుకు. 80తో 45. నలభై నుంచి ఎనభైకి వేగం రెండింతలే అయింది, కావలసిన పట్టు మాత్రం నాలుగింతలు. నిజానికి టైరుకు మందం ఉంటుంది కాబట్టి బండి ఈ అంకెల కంటే మరికొన్ని డిగ్రీలు ఎక్కువే వంగాలి.

ఈ డిగ్రీలు చూసి, పందెంలో వాళ్లు 60 డిగ్రీలు దాటి వంగుతారు, మనకు 41 ఎంత అని అనేవాళ్లున్నారు. పట్టాలు పరిచినట్టుండే ట్రాక్‌కీ, రాత్రి లారీ ఒలకబోసిన డీజిల్ ఉన్న రోడ్డుకీ పోలిక ఏమిటో నాకు అర్థం కాదు. అసలు విషయం వంపు ఎంతని కాదు, ఆ వంపులో బ్రేకు కోసం ఇంకా ఎంత పట్టు మిగిలిందని.

టైరు పట్టు ఒక్కటే మూట. పక్కకి తిరగడానికీ ఆగడానికీ అందులోంచే తీయాలి. ఆరిన మంచి తారురోడ్డుకు ఘర్షణ గుణకం, అంటే రోడ్డు టైరుకు ఎంత పట్టు ఇస్తుందో చెప్పే అంకె, 0.9 అనుకుందాం. అదే 50 మీటర్ల మలుపులో 60తో పోతే తిరగడానికి కొంత పోగా, నేరుగా పోయేటప్పుడు ఉండే బ్రేకు శక్తిలో ముప్పాతిక వంతు పైనే మీ చేతిలో ఉంటుంది. 70 దగ్గర అది సగానికి పడిపోతుంది. నిజంగా 75 అయితే మిగిలేది ఐదో వంతు కూడా కాదు. చూశారా, 60కీ 75కీ తేడా పదిహేనే, చేతిలో మిగిలేది మాత్రం ముప్పాతిక నుంచి దాదాపు చిల్లరకి దిగింది. వాన పడి గుణకం 0.5కి దిగిందనుకోండి, అదే మలుపులో 60 అసలు కుదరదు, 55 దగ్గరే అంచు. 50తో పోతే బ్రేకుకి సగం పైన మిగులుతుంది.

అందుకే "మలుపులో బ్రేకు ముట్టుకోనే కూడదు" అని కొత్తవాళ్లకి చెప్పే మాట నాకు నచ్చదు. 60 దగ్గర మీరు బ్రేకు వేయొచ్చు, మెల్లగా మొదలుపెట్టి, పిండినట్టు పెంచుతూ. వేగం తగ్గేకొద్దీ వంపు అవసరం తగ్గుతుంది, బండిని కొంచెం కొంచెంగా నిలబెడుతూ ఇంకా బ్రేకు పెంచొచ్చు. కూడనిది ఒక్కసారిగా పట్టేయడం. బరువు ముందు టైరు మీదికి రావడానికి ఒక క్షణం పడుతుంది. ఆ క్షణం ఇవ్వకుండా అడిగితే టైరు ఇవ్వదు.

మీ మీటరు 75 అన్నా మీరు నిజంగా పోయింది 70 లోపే అయి ఉండొచ్చు. స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో ఉంది, కొంత ఎక్కువ చూపించడానికి వెసులుబాటు ఉంది. కాబట్టి తయారీదారులంతా ఎక్కువ వైపే ఉంచుతారు. దీనికి తోడు మలుపులో ఇంకో తమాషా ఉంది, చాలామంది ఏళ్ల తరబడి నడిపినా గమనించరు. బైకు టైరు గుండ్రటిది. నిటారుగా ఉన్నప్పుడు నడిమి శిఖరం మీద దొర్లుతుంది, వంగినప్పుడు పక్కన ఉన్న చిన్న చుట్టు మీద దొర్లుతుంది. చుట్టు చిన్నదైతే అదే దూరానికి చక్రం ఎక్కువసార్లు తిరగాలి. మీటరు లెక్కించేది చక్రం తిరుగుళ్లనే కాబట్టి, బాగా వంగి ఉన్నప్పుడు అది ఇంకాస్త ఎక్కువ చెబుతుంది. 180 మిల్లీమీటర్ల వెనక టైరు 45 డిగ్రీలు వంగితే చుట్టు సుమారు 8 శాతం తగ్గుతుంది. అదే గేరులో మలుపు మధ్య ఇంజను మోత కొంచెం పైకెక్కడం, థ్రాటిల్ కదపకుండా ఉంచితే బండి దానంతట అదే నెమ్మదించడం ఇందువల్లే. మలుపంతా థ్రాటిల్‌ని వెంట్రుకవాసి తెరుస్తూ పొమ్మని పాతవాళ్లు చెప్పడంలో కిటుకు ఇదే, వేగం పెంచడానికి కాదు, ఉన్నది నిలబెట్టడానికి.

ఇప్పుడు కెమెరా. రాడార్ కెమెరాకి మీరు వంగారా నిలబడ్డారా అన్నది పట్టదు. అది పంపిన తరంగం మీ బండికి తగిలి తిరిగొచ్చేటప్పుడు దాని పౌనఃపున్యం ఎంత మారిందో చూస్తుంది, దాన్నిబట్టి మీరు దానివైపు ఎంత వేగంగా వస్తున్నారో లేదా దాన్నుంచి ఎంత వేగంగా పోతున్నారో తేలుస్తుంది. రోడ్డు పక్కన నిలబడి ఏటవాలుగా చూస్తుంది కాబట్టి అసలు వేగంలో కొంత భాగమే దానికి కనబడుతుంది, కోణం 20 డిగ్రీలైతే దాదాపు 94 శాతం. స్థిరంగా బిగించిన యంత్రాలు ఈ తరుగును ముందే లెక్కగట్టి కలిపేస్తాయి. ఆ లెక్క బండి రోడ్డుకు సమాంతరంగా నేరుగా పోతోందన్న నమ్మకం మీద ఆధారపడింది. మలుపులో బండి దిశ క్షణక్షణం మారుతుంది కాబట్టి ఆ లెక్క అటో ఇటో తప్పుతుంది. 22 డిగ్రీలకు సరిచేసిన యంత్రం ముందు బండి 15 డిగ్రీల కోణంలో పోతే 4 శాతం ఎక్కువ చూపిస్తుంది. ఈ రకం రాడార్‌ని మలుపు మధ్యలో కాకుండా తిన్నటి చోట పెట్టాలనేది ఇందుకే. మీరు చూసిన స్తంభం కూడా మలుపు చివర, తిన్నటి రోడ్డు మొదలయ్యే చోట ఉందని మీరే రాశారు. అంటే అది కొలిచేది మీరు మలుపులోంచి లేచి వచ్చాక. వంపులో మీరు పట్టిన బ్రేకు దానికి లెక్కేలేదు.

లేజరు వేరు. చేతిలో పట్టుకుని గురిపెట్టేది, వరుసగా కాంతి స్పందనలు పంపి ఒక్కోటి తిరిగొచ్చే సమయాన్నిబట్టి దూరం ఎంత వేగంగా తగ్గుతోందో చూస్తుంది. దాని కిరణం 300 మీటర్ల దూరంలో మీటరుకు దగ్గరగా వెడల్పవుతుంది, బైకు హెడ్‌లైటు చాలు గురికి. కొన్ని చోట్ల రోడ్డులోనే తీగచుట్లు గానీ ఒత్తిడి పట్టీలు గానీ పాతి, ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎంత సమయం పట్టిందో చూస్తారు. అక్కడ వంపూ కోణమూ ఏవీ లెక్కలోకి రావు.

కెమెరా మీద మీ కోపం చూశాక ఒక సంగతి చెప్పాలనిపించింది. రోడ్డు పక్క వేగపు కెమెరా అంటే ప్రపంచంలో సగం మందికి గుర్తొచ్చే పేరు గాట్సో. అది మౌరిస్ గాట్సోనిడెస్ అనే డచ్చి ర్యాలీ డ్రైవరు పేరు. 1953లో ఫోర్డ్ జెఫిర్‌తో మాంటే కార్లో ర్యాలీ గెలిచినవాడు. వేగం కొలిచే యంత్రాన్ని ఆయన కట్టింది ఎవరికో జరిమానా వేయడానికి కాదు, మలుపుల్లో తన వేగం ఎంతుందో తెలుసుకుని దాన్ని ఇంకా పెంచుకోవడానికి. 1958లో కంపెనీ పెట్టాడు, తర్వాత యంత్రం పోలీసుల చేతికి పోయింది. మలుపులో మన వేగం మనకే సరిగ్గా తెలియదన్న సంగతి అంత పెద్ద డ్రైవరే ఒప్పుకుని యంత్రం కట్టుకున్నాడు.

గాట్సో పద్ధతిలో ఫొటో వెనకనుంచి తీస్తారు, ఫ్లాష్ నడిపేవాళ్ల కళ్లలో పడకుండా. అర సెకను తేడాతో రెండు ఫొటోలు, రోడ్డు మీద గీసిన తెల్లగీతల మీద బండి ఎంత జరిగిందో చూసి రాడార్ లెక్కను సరిచూసుకోవడానికి. మీ స్నేహితుడి ధీమాకి జవాబు ఇక్కడే ఉంది. ముందు నుంచి మాత్రమే తీసే కెమెరాలు ఉన్న మాట నిజం. బైకులకు ముందు నంబరు ప్లేటు లేని దేశాల్లో, ముఖం హెల్మెట్‌లో ఉండగా, అలాంటి ఫొటోతో పట్టుకోవడం కష్టమే. అందుకే అక్కడ బైకుల కోసం వెనకనుంచి తీసేవీ, కొంత ముందుకెళ్లాక ఆపే లేజరు పోలీసులూ ఉంటారు. ప్లేటు పైకి మడిచే బిగింపుల గురించి కూడా అతనేదో చెప్పాడన్నారు. దాని జోలికి పోకండి. దొరికితే మామూలు జరిమానాతో పోయేది నేరం కేసు కావచ్చు.

నా సొంత కథ ఒకటి. కొన్నేళ్ల కింద, బాగా తెలిసిన మలుపే, బయటి అంచున ఒక బూడిదరంగు పెట్టె కొత్తగా వెలిసింది. దాని కటకం నావైపుందా అవతలి వైపుందా అని చూశాను. చూపు దాని మీద ఒక సెకను నిలిచింది, బండి తిన్నగా దాని దగ్గరికే పోయింది. కంకరలో ముందు చక్రం కూరుకుని నెమ్మదిగా పక్కకి పడ్డాను. లేచి దులుపుకుని చూస్తే అది టెలిఫోన్ తీగల పెట్టె. జరిమానా కాగితం రాలేదు గానీ క్లచ్ లివరూ ఫుట్‌రెస్టూ మార్చుకోవాల్సి వచ్చింది. భయపడ్డ కన్ను భయపెట్టినదాన్నే పట్టుకుంటుంది, చెయ్యి కన్ను వెనకే పోతుంది. దీన్ని తెలివితో ఆపలేం, అలవాటుతోనే ఆపగలం.

ఆ అలవాటు చెబుతాను. మలుపులో చూడాల్సింది రోడ్డు రెండు అంచులూ దూరంగా కలిసినట్టు కనబడే చోటు. పోలీసు రైడర్లకు నేర్పేది దీన్నే. మీరు పోతుంటే ఆ కలిసే చోటు కూడా మీకంటే ముందుకు పరిగెడుతుంటే మలుపు విచ్చుకుంటోందని అర్థం. మీతో సమానంగా జరుగుతుంటే ఉన్న వేగం సరిపోయింది. అది మీమీదికి వస్తున్నట్టుంటే మలుపు బిగుస్తోంది, వేగం ఎక్కువైంది, ఇంకా నిటారుగా ఉండగానే తగ్గించాలి. ఆ కలిసే చోటు లోపల ఆగగలరా అన్నదే మీ రెండో ప్రశ్నకు అసలు జవాబు. 60తో పోతూ, తేరుకోవడానికి ఒక సెకను, తర్వాత వంపులో మర్యాదగా బ్రేకు వేస్తే, మొత్తం 45 మీటర్లు కావాలి. 75 అయితే 65 మీటర్లు. కొండనో కంచెనో ఆనుకున్న మలుపులో అంత దూరం కనబడదు. కనబడనప్పుడు పరిమితి బోర్డు మీద 60 ఉన్నా మీకు 60 లేదు, 45 కావచ్చు, 40 కావచ్చు.

బోర్డు గురించి ఒక్క మాట. మలుపుల దగ్గర పసుపురంగులో సలహాగా పెట్టే వేగం, చట్టపరమైన పరిమితి రెండూ ఒకటి కావు. సలహా వేగాన్ని కొన్ని దేశాల్లో బాల్ బ్యాంక్ ఇండికేటర్ అనే పరికరంతో నిర్ణయిస్తారు. వంపు తిరిగిన గాజుగొట్టంలో ఒక గోలీ, దాన్ని కారులో పెట్టుకుని మలుపు తిరుగుతూ గోలీ ఎంత పక్కకి జరిగిందో చూస్తారు. కారులో కూర్చున్నవాళ్లకి ఇబ్బంది లేని వేగం అది. బైకుకి అది చాలా తక్కువ వంపే. కానీ ఆ గోలీకి ఇసుక తెలియదు, మలుపు మధ్య ఇనుప మూత తెలియదు.

కాబట్టి చేయాల్సిందంతా మలుపుకు ముందే. నిటారుగా ఉండగా బ్రేకు, గేరు తగ్గింపు, మీటరు మీద ఒక చూపు, అన్నీ అక్కడే అయిపోవాలి. 80 నుంచి 60కి దిగడానికి మామూలు బ్రేకుతో 30 మీటర్లు కూడా పట్టదు. తర్వాత చూపు లేపి మలుపు అవతలికి. ఆ క్షణం నుంచి మీటరు లేనట్టే, స్తంభాలు లేనట్టే. ఒకవేళ మధ్యలో ఎక్కువ వేగం అనిపిస్తే పైన చెప్పినట్టు బ్రేకు మెల్లగా పిండండి. కెమెరా కనబడితే మాత్రం, దాని కోసం ఇప్పుడు చేయగలిగింది ఏమీ లేదని మనసులో అనుకోండి. నిజంగా లేదు కూడా. బయటి అంచు వైపు పోతున్నారనిపిస్తే లోపలి వైపు హ్యాండిల్‌ని ముందుకి నొక్కండి, బండి ఇంకొంచెం వంగుతుంది. మీరు అనుకున్న దానికంటే టైరు దగ్గర పట్టు ఎక్కువే ఉంటుంది చాలాసార్లు. 100 మీటర్ల పొడవున్న మలుపులో 60 బదులు 70తో పోతే మిగిలేది ఒక సెకను కూడా కాదు, ఇది కూడా అప్పుడప్పుడు గుర్తుచేసుకోవచ్చు.

రెండు చోట్ల నంబరు చదివి మధ్య దూరాన్ని సమయంతో భాగించే సగటు వేగపు కెమెరాలు వచ్చాక బైకులకు మంచే జరిగిందని నా అభిప్రాయం. ఒక్క స్తంభం దగ్గర బ్రేకు కొట్టి, దాటగానే ఎగిరే కంగారూ గంతులు అక్కడ పనిచేయవు, ముందు పోయే కారు ఉన్నట్టుండి ఆగదు. సగటు లెక్కలో చిన్న మెలిక: దూరంలో సగం 40తో, మిగతా సగం 80తో పోతే సగటు 60 కాదు, 53. మలుపుల్లో పోగొట్టుకున్నది తిన్నటి రోడ్డు మీద రాబట్టుకుందామని కూర్చుంటే ఎప్పటికీ రాదు.

చివరగా, బ్రేకు పట్టకముందే బండి మలుపులోకి "ఒక్కసారిగా పడినట్టు" అనిపించిందని రాశారు. అది మీ చేతి తప్పు కాకపోవచ్చు. ముందు టైరును చేత్తో తడిమి చూడండి. ఎప్పుడూ తిన్నటి రోడ్డు మీదే తిరిగిన టైరు నడుమ అరిగి చదునవుతుంది, రెండు పక్కలా ఒక గట్టులాగా నిలుస్తుంది. వంగేటప్పుడు ఆ గట్టు దాకా బండి మొరాయించి, దాటగానే పడిపోతుంది. టైరు చల్లగా ఉండగా గాలి కూడా చూసుకోండి, ముందు టైరులో తక్కువైనా ఇదే గుణం వస్తుంది. అది సరిచేయించాకే ఆ మలుపుకి మళ్లీ వెళ్లండి, మొదటి పదిసార్లు 50తో.